వాపసు వచ్చిన మూడు కత్తులు, రాని నాలుగోది

పదును బాబాయి చేతిలో కత్తి ఉంటే టమాటా భయపడేది కాదు. తనని కోశారన్న సంగతి దానికి మర్నాటి ఉదయందాకా తెలిసేదే కాదు మరి. రెండు చెక్కలైన టమాటా రాత్రంతా షాపు బల్లమీద తానింకా ఒక్కదాన్నే అనుకుంటూ కూర్చునేదనీ, పొద్దున్నే ఊడ్చే మనిషి తడిగుడ్డతో కదిపితే అప్పుడు విడిపోయి ఘొల్లుమనేదనీ ఆ వీధిలో చెప్పుకుంటారు. ఇందులో ఘొల్లుమనడం ఒక్కటే కాస్త అతిశయోక్తి. మిగతాది అక్షరాలా నిజం, కావాలంటే బస్టాపులో నిలబడ్డ ఎవరినైనా అడగొచ్చు.

ఆ బస్టాపుకి ఎదురుగా మూడోది ఆయన పనిచేసే షాపు. గిన్నెలు, గరిటెలు, కుక్కర్లు, జల్లెడలు అన్నీ అమ్ముతారు గానీ జనం తోసుకుని వెళ్ళేది ఎడమవైపు గోడకున్న అద్దాల బీరువా దగ్గరికే. దాని ముందు ఎత్తు స్టూలు మీద ఇరవయ్యారేళ్ళుగా బాబాయి. పదో తరగతి తప్పి, అట్టపెట్టెలు మోసే పనికి చేరి, పెట్టెల్లో ఏముందో పెట్టెలు కట్టినవాళ్ళకన్నా బాగా తెలుసుకుని ఆ స్టూలెక్కాడు. ఎక్కినవాడు మళ్ళీ దిగలేదు. అసలు పేరుతో ఆయన్ని పిలిచి చాలా ఏళ్ళైంది. పిలిచినా ఎవర్నో అనుకుని పక్కకి చూస్తాడు.

ఆయన కత్తి చూపించే పద్ధతే వేరు. అసలు చూపించడు. ముందు ప్రశ్నలు.

"బాబాయ్, పేద్ద కత్తి కావాలి. టీవీలో వంటాయన పట్టుకుంటాడే, అలాంటిది," అని ఓ కుర్ర పెళ్ళికొడుకు వచ్చాడనుకోండి.

"ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారు?"

"గిన్నెలకీ కత్తికీ ఏంటి సంబంధం?"

"నువ్వే తోముకుంటే కార్బన్ స్టీలు ఇస్తా. కడిగి, తుడిచి, ఆరబెట్టి చంటిపిల్లలా చూసుకుంటావు. ఇంకొకళ్ళు తోముతారంటే స్టెయిన్‌లెస్సే గతి. కార్బన్ స్టీలుని ఒక్క రాత్రి సింకులో పడుకోబెట్టావంటే తెల్లారేసరికి తుప్పుపట్టి నీతో మాటలు మానేస్తుంది."

"మా ఆవిడ తోముతుంది బాబాయ్."

"పెళ్ళై ఎన్నాళ్ళైంది?"

"రెండు నెలలు."

"అయితే ఇంకో రెండు నెలల్లో నువ్వే తోముతావు. అయినా స్టెయిన్‌లెస్సే తీసుకో. చెయ్యి ఇలా ఇవ్వు."

ఆ చెయ్యివ్వడమే అసలు పరీక్ష. బాబాయి కరచాలనం చేసినట్టు చెయ్యి పట్టుకుని, కళ్ళు అరమోడ్చి, బొటనవేలి మొదట్లో కండ ఎంతుందో, వేళ్ళు ఏ వరసలో బిగుస్తున్నాయో చూస్తాడు. తర్వాత చెక్క గరిటె ఇచ్చి, బల్లమీద లేని ఉల్లిపాయని తరగమంటాడు. పెద్దపెద్దవాళ్ళు, సూట్లు వేసుకున్నవాళ్ళు కూడా ఆయన ముందు నిలబడి లేని ఉల్లిపాయని తరిగారు. ఒకావిడకి కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయట. అప్పుడు బీరువా తెరిచి ఒక్కటంటే ఒక్క కత్తి తీస్తాడు. రెండోది చూపించమంటే కోపం. పైగా ప్రతి కత్తికీ ఒక కథ. ఫలానా ఉక్కు మునిగిపోయిన ఓడ అడుగుభాగంలోదనీ, దాని పక్కనించి ఈదుకుంటూ వెళ్ళిన చేప రెండు చేపలై వెళ్ళేదనీ చెప్పేవాడు. జనం నవ్వుతూనే కొనుక్కునేవాళ్ళు, ఎందుకంటే ఇంటికెళ్ళి తరిగి చూస్తే ఆ కత్తి వాళ్ళ చేతిలోనే పుట్టి పెరిగినట్టుండేది.

"నేనిచ్చిన కత్తి ఒక్కటీ వాపసు రాలేదు," అనేవాడు బాబాయి, తలుపు దాటే ప్రతివాడి వీపుకీ వినబడేలా.

అంతటి మనిషి ఇంట్లో వంటగది గుమ్మం దాటి లోపలికి వెళ్తే టీ పెట్టుకోవడానికే. ఆయన జన్మలో కోసిన కూరగాయ ఒక్కటీ కూరలో పడలేదు. అన్నీ షాపు బల్లమీద పదును చూపించడానికి కోసినవే. ఇంట్లో ఉండేది ఇద్దరు, ఆయనా భార్యా. ఆవిడ పెళ్ళికి ముందెప్పుడో కొనుక్కున్న ఎర్ర ప్లాస్టిక్ పిడి చాకుతోనే పంతొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చింది. క్యాబేజీ తరిగిందంటే దారప్పోగుల్లా వచ్చేది. మొదట్లో బాబాయి రెండు మూడు కత్తులు తెచ్చాడు గానీ, "మీ కత్తులకి కథలెక్కువ, నాకు వంటకి టైమవుతోంది," అని ఆవిడ వాటిని కాగితాల్లోంచి బయటికే తీయలేదు. ఊరందరికీ పదును బాబాయి, ఇంట్లో మాత్రం పెరటిచెట్టు.

ఆవిడ కుడిచేతి వేళ్ళు మూడు నెలల క్రితం మొద్దుబారడం మొదలైంది. చిటికెనవేలితో మొదలై ఒక్కొక్కటే వరసగా. ఆస్పత్రిలో ఫొటోలు తీశారు, మెడ దగ్గర నరం నలుగుతోందన్నారు, మందులిచ్చారు. మళ్ళీ మామూలవుతుందా అని బాబాయి అడిగితే డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నరం సంగతి మనం చెప్పలేమండీ. రావచ్చు, రాకపోవచ్చు." వ్యాయామం నేర్పే అమ్మాయి మాత్రం ఒక మాట చెప్పింది: రోజూ చేసే పని రోజూ చేస్తూ ఉండమంది. ఆపేస్తే చెయ్యి ఆ పనిని మరిచిపోతుందనీ, మరిచిపోయిన చేతికి మళ్ళీ గుర్తుచేయడం చాలా కష్టమనీ.

ఆవిడకి రోజూ చేసే పని అంటే తరగడమే. ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఎర్రచాకు జారిపోతున్నా, ఉల్లిపాయ సగం నేలమీద పడుతున్నా పూటపూటా తరుగుతూనే ఉంది. ఓ ఆదివారం చాకు జారి పాదానికి బెత్తెడు దూరంలో గచ్చుమీద పడింది. ఆవిడ కాసేపు దానివైపే చూసి, వంగి ఎడమచేత్తో తీసి సొరుగులో పెట్టి, ముందుగదిలోకి వచ్చింది.

"ఏవండీ, మీ షాపులో నాకో కత్తి చూడండి."

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి అడిగింది. వేరే రోజైతే బాబాయి ఎగిరి గంతేసి, ఆ గంతుని వీధి చివరిదాకా కథగా చెప్పేవాడు. ఆ రోజు మాత్రం లేచి కుర్చీ దగ్గరికి జరుపుకుని, "చెయ్యి ఇలా ఇవ్వు," అన్నాడు.

"ఏంటి కొత్తగా?"

"కొలత."

చెయ్యి ఇచ్చింది. బాబాయి అలవాటుగా కళ్ళు అరమోడ్చాడు. కొన్ని వేల చేతులు పట్టుకున్న మనిషి. కూలివాళ్ళవి, టీచర్లవి, వణికే ముసలివాళ్ళవి, అన్నీ ఏదో ఒకటి చెప్పేవి. ఈ చెయ్యి ఏమీ చెప్పడం లేదు. బొటనవేలి మొదట్లో కండ ఉండాల్సినచోట చెంచా గుంటలా ఉంది.

"గట్టిగా పట్టుకో."

"పట్టుకునే ఉన్నానండీ."

బాబాయి కళ్ళు తెరిచాడు. ఆవిడ ముఖంలోకి చూస్తే నిజంగానే పళ్ళు బిగపట్టి పట్టుకుని ఉంది. "ఆ, బాగానే ఉంది," అన్నాడు గబగబా. "రేపు తెస్తా. బ్రహ్మాండమైనది ఉంది."

మర్నాడు తెచ్చింది ఆరంగుళాలది, ఈకంత బరువు. బలం లేని చేతికి తేలిక కత్తి అని ఆయన లెక్క. తప్పింది. అంత తేలికైన కత్తిని ఆ చెయ్యి పట్టుకున్నట్టే గుర్తించలేదు. ఆవిడ దోసకాయ మీద పెట్టేసరికి అది పక్కకి ఒరిగి పడుకుంది. రెండోది ఎనిమిదంగుళాలది, బరువైనది, ఎత్తి వదిలితే చాలు తన బరువుకే దిగిపోయే రకం. దాని కథలో అది ఒకసారి దోసకాయతోపాటు బల్లనీ, బల్ల కింద పడుకున్న పిల్లి నీడనీ కూడా కోసింది. ఆవిడ దాన్ని నాలుగుసార్లు ఎత్తింది. ఐదోసారి మణికట్టు వాలిపోయి మొన కుళాయికి తగిలింది. మూడోదానికి రబ్బరు పిడి, వేళ్ళు ఇరుక్కోవడానికి గుంటలు. ఆ గుంటలు ఏ మహానుభావుడి వేళ్ళని చూసి చేశారో, ఆవిడ పనిచేసే రెండు వేళ్ళూ రెండు గుంటలకి నడుమ గట్టుమీద కూర్చున్నాయి.

ప్రతి సాయంత్రం ఒకటి వెళ్ళేది, ప్రతి ఉదయం వాపసు వచ్చేది. షాపు ఓనరు బాబాయి కళ్ళముందే నిక్కర్ల నుంచి ప్యాంట్లలోకి ఎదిగినవాడు. మూడోది కూడా వచ్చేసరికి ఇక ఆగలేకపోయాడు.

"బాబాయ్, నువ్విచ్చిన కత్తి వాపసు రాదు కదా?"

"రాదు."

"మరి ఇవి మూడు?"

"ఒక కస్టమరు. కాస్త పేచీ మనిషి."

"నీకే లొంగలేదంటే ఎవరా మహాతల్లి? ఒకసారి షాపుకి తీసుకురా, కాళ్ళకి దణ్ణం పెడతా."

బాబాయి కథ ఒకటి ఎత్తుకోబోయి మానేసి, బీరువా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. ఓనరుకి అప్పటికి అర్థమైంది. "పిన్నికా?" అని మెల్లగా అడిగి, జవాబు కోసం ఆగకుండా గిన్నెలవైపు వెళ్ళిపోయాడు.

నాలుగోది బీరువా అట్టడుగున, ఎవరూ అడగనిది దొరికింది. కోసే రేకు ఏడంగుళాల పొడవు, వెడల్పాటిది, పిడి లావుగా, గుండ్రంగా. పిడీ రేకూ కలిసేచోట వేలిమీద ఆనిస్తే అటూ ఇటూ ఒరగకుండా త్రాసులా నిలబడింది. దానికి కథ కూడా లేదు. ఎప్పుడూ అమ్మే అవసరం రాలేదు గనక అల్లలేదు. ఆ సాయంత్రం ఆవిడ చెల్లెలు కూడా ఇంట్లోనే ఉంది. నాలుగిళ్ళ అవతల బట్టలు కుట్టే షాపు ఆమెది, మెళ్ళో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది, నోరు కత్తెరకన్నా చురుకు.

"ఏం బావా, ఇరవయ్యారేళ్ళ అనుభవం! మా అక్కకి ఒక్క కత్తి కుదర్చలేకపోయావా? ఊళ్ళో కోసిన కోతలన్నీ ఏమయ్యాయి?"

"నీ నోటికి నాడా దొరికితే అది కుదురుస్తా ముందు, ఆగు."

"ఇలా ఇవ్వు." కత్తి లాక్కుని పిడి తిప్పి చూసింది. "నున్నగా ఉంది, జారుతుంది. మొద్దుచేతికి గరుకుండాలి." సంచిలోంచి నూలు నాడా తీసి పిడికి వరస తప్పకుండా బిగించి చుట్టింది, చివర సూదితో కుట్టేసింది.

ఆవిడ క్యారెట్ పెట్టుకుంది. కత్తి దిగింది. మళ్ళీ దిగింది. పన్నెండు ముక్కలు, బిళ్ళలు బిళ్ళలుగా. పదమూడో ముక్క దొర్లి కింద పడితే మరదలు తీసుకుని నోట్లో వేసుకుని, "ఈసారికి పాసయ్యావు బావా," అంది. బాబాయి ఆ రాత్రి మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆ క్యారెట్ ఎంత తీపిగా ఉందంటే, చీమలు వరస కట్టి వచ్చి ఖాళీ కంచం చూసి తిట్టుకుంటూ వెళ్ళాయని ఓనరుతో చెప్పాడు.

పది రోజులు అలా గడిచాయి. పదకొండో రోజు పళ్ళెంలో పెట్టిన కీరా ముక్కల్లో ఒకటి ఎర్రగా కనబడింది. బాబాయి ముందు టమాటా రసమనుకున్నాడు. టమాటా లేదు.

"చెయ్యి చూపించు."

"ఏమైంది?"

ఎడమచేతి చూపుడువేలి కొసన సన్నటి గాటు. రక్తం అరచేతిలోకి జారి ఆరిపోతోంది కూడా. ఆవిడ దాన్ని ఇంకొకరి వేలిని చూసినట్టు చూసింది.

"అరె. ఎప్పుడు తెగిందో."

"నొప్పి లేదా?"

"లేదండీ."

"ఆ చేతికి కూడానా?"

"ఈ ఒక్క వేలికే. ఈమధ్యే." చెంగుతో తుడుచుకుంది. "చెబితే మీరు కత్తి లాగేసుకుంటారని చెప్పలేదు."

బాబాయి ఆ ఎర్ర ముక్కని పళ్ళెంలోంచి తీసి పారేశాడు. ఆ రోజు తెగింది తోలు. రేపు? తను ఏరికోరి తెచ్చిన కత్తి. ఎముక దాకా వెళ్ళినా ఆవిడకి తెలియదు, ఆ వేలికి తెలియదు, పళ్ళెంలోకి వచ్చాక తనకి తెలుస్తుంది. కత్తి తీసేసుకుంటే చెయ్యి పోతుంది, ఉంచితే వేళ్ళు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నుయ్యి తవ్వినవాడూ తనే.

షాపుకి సెలవురోజు మధ్యాహ్నం అక్కచెల్లెళ్ళిద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. బాబాయి వంటగదిలోకి వెళ్ళాడు, టీ కోసం కాదు. పింగాణీ కప్పు ఒకటి బోర్లించి, దాని అడుగున గరుకుగా ఉండే అంచుమీద కత్తిని నిలువుగా, పదును చచ్చేలా లాగాడు. ఏడుసార్లు. ఇరవయ్యారేళ్ళుగా జనానికి ఆయన అరిగిపోయేదాకా చెప్పిన మాట ఒకటుంది: పదునున్న కత్తి నువ్వు చెప్పినచోట కోస్తుంది, మొద్దు కత్తి దానికిష్టమైనచోట కోస్తుంది. ఆ మాట అప్పుడు కూడా ఆయన చెవిలో ఆయన గొంతుతోనే వినబడింది. వినబడుతుండగానే లాగాడు.

చేసింది మామూలు పని కాదు. ఇంకెవరైనా అయితే అంచు పళ్ళు పళ్ళుగా విరిగేది, చూడగానే దొరికిపోయేవాడు. బాబాయి చేతిలో అది అద్దంలా మెరుస్తూనే మొద్దయింది. గోటిమీద పెట్టి చూశాడు. పదునైతే గోటిని పట్టుకుని నిలబడాలి, నున్నగా జారిపోయింది. జన్మలో చేసిన గొప్ప పనితనం అదే, ఎవరికీ చెప్పుకోలేనిది కూడా అదే.

మర్నాడు ఆవిడ క్యారెట్ మీద కత్తి పెట్టి నొక్కింది. దిగలేదు. భుజం వంచి నొక్కింది. కత్తి క్యారెట్ నెత్తిమీద నుంచి జారి తరిగే చెక్క పలకమీద టక్కుమంది. గుమ్మంలో నిలబడ్డ బాబాయి గుండె కూడా టక్కుమంది. వేలు తెగలేదు. మొద్దు కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. ఆ రోజు రెండే ముక్కలు. మర్నాడు ఒకటి, అదీ సగం. మూడోరోజు ఆవిడ కత్తిని కడిగి, తుడిచి, పలకమీద అడ్డంగా పెట్టి వచ్చి కూర్చుంది.

"ఇంక చాలండీ."

"ఏం చాలు?"

"తరగడం. మొన్న దిగింది, ఇప్పుడు దిగట్లేదు. కత్తి అదే, క్యారెట్ అదే. చెయ్యే పోయింది."

"కత్తి… కత్తి కాస్త…"

"మీ కత్తినేం అనకండి." నవ్వడానికి ప్రయత్నించింది. "ఊరంతా ఒకమాట చెప్తుంది కదా, మీరిచ్చిన కత్తిలో తప్పుండదని. ఇన్నేళ్ళూ నేనే నమ్మలేదు. ఈ పది రోజులూ నమ్మాను."

పొగడ్త కోసం నాలుగు వీధులు నడిచి వెళ్ళగల బాబాయి అది విని మింగలేక కక్కలేక కూర్చున్నాడు. చెప్పేయాలని నోరు తెరిచాడు. చెప్తే మళ్ళీ కత్తి పట్టుకుంటుంది, వేలు తెగుతుంది. మూసుకున్నాడు.

ఆవిడ తరగడం ఒక్కటే ఆపలేదు. వ్యాయామానికిచ్చిన రబ్బరు బంతి కూడా మంచం కిందకి దొర్లిపోతే తీయలేదు. మరదలు కొట్లోంచి తరిగిన కూరగాయల ప్యాకెట్లు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేది. ఆవిడ ఎడమచేత్తో చించి పొయ్యిమీద వేసేది.

"ఏం చెప్పావు బావా అక్కకి?" అని మరదలు మెట్లమీద నిలదీసింది. "పదిరోజులు కుందేలులా గెంతింది. ఇప్పుడు జుట్టు కూడా నన్నే దువ్వమంటోంది. అది చేతులెత్తేసింది, నువ్వేమో గుడ్లప్పగించి చూస్తున్నావు!"

"నేనేం చెప్పలేదు."

"అదే అడుగుతున్నా. నోరు మూతపడని మనిషివి, ఏమీ చెప్పకుండా ఎలా ఉన్నావని."

మర్నాడు బాబాయి కత్తిని భోజనం సంచిలో దాచి షాపుకి పట్టుకెళ్ళాడు. సానరాయి నానబెట్టి, మధ్యాహ్నం జనం పలచబడ్డాక కూర్చుని పదును పెట్టాడు. ఓనరు వెనకనుంచి తొంగిచూసి ఈలవేశాడు.

"ఇంత చక్కటి కత్తిని ఇంత మొద్దుగా ఎవడు చేశాడు బాబాయ్?"

"ఉన్నాడులే ఒక వెధవ."

ఇంటికెళ్ళి దాన్ని ఎప్పటిలా పలకమీద పెట్టాడు. పక్కన క్యారెట్లు కడిగి పెట్టాడు. అవి వాడిపోయాయి. కీరాలు పెట్టాడు. మెత్తబడ్డాయి. "ఊరికే ఒకసారి చూడరాదూ," అన్నాడు. "రేపు చూద్దాం," అంది ఆవిడ. ఆ రేపులు ఆరు అయ్యాయి. కత్తి మాత్రం ఎంత పదునుగా ఉందంటే, దానిమీద వాలబోయిన ఈగ మనసు మార్చుకుని వెళ్ళిపోయేది.

ఏడోనాటి సాయంత్రం ఆవిడ టీ కప్పు అందుకోబోయి రెండు చేతులతోనూ పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకున్నా వణికింది. బాబాయి ఆ కప్పు వైపు చూశాడు. తను బోర్లించినది అదే జతలోది.

"నేనే," అన్నాడు.

"ఏంటి మీరే?"

"కత్తిని మొద్దు చేసింది. నేనే. కప్పుమీద పెట్టి లాగాను. నీ వేలు తెగిందని. నీ చెయ్యి బాగానే ఉంది. దిగనిది కత్తి."

ఆవిడ కప్పు కింద పెట్టింది. కిటికీ అవతల ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వీధి మలుపు తిరిగింది.

"నేను ఏడ్చినప్పుడు కూడా చెప్పలేదు."

"నువ్వు ఏడవలేదు కదా."

"మీ ముందు ఏడవలేదు."

బాబాయి ఆ కప్పుని పక్కకి జరిపాడు.

"ఎన్నాళ్ళైంది నేను ఆపేసి?"

"తొమ్మిది రోజులు."

"ఇప్పుడు పదునుందా?"

"ఉంది. ఒట్టు."

"మీ ఒట్టు నాకెందుకు." లేచి వంటగదిలోకి వెళ్ళింది. ఆయన వెనకే వెళ్ళి, కాగితం ముక్క తీసుకుని కత్తితో గీసి చూపించాడు. కాగితం చప్పుడు లేకుండా రెండైంది. ఆవిడ తల ఊపి, బుట్టలోంచి క్యారెట్ తీసి, నాడా చుట్టిన పిడిని ఎడమచేత్తో ఎత్తి కుడిచేతిలో అమర్చుకుంది. నొక్కింది.

కత్తి పావుభాగం దిగి ఆగింది. రెండోసారి పక్కకి ఒరిగింది. మూడోసారి పిడి అరచేతిలో తిరిగిపోయి, రేకు పలకమీద వాలిపోయింది. ఆవిడ దాన్ని మళ్ళీ ఎత్తలేదు.

"ఏవండీ, ఒక్క సంగతి చెప్పండి. ఇప్పుడు దిగనిది నా చెయ్యేగా. ఇది ఎలాగూ పోయేదేనా, ఈ తొమ్మిది రోజుల్లో పోయిందా?"

బాబాయికి తెలియదు. డాక్టరుకి కూడా తెలియదు. ఆమె చెయ్యి అందుకుని తన చేతిలో పెట్టుకున్నాడు, ఎంతసేపు పట్టుకున్నా అది ఏ సంగతీ చెప్పలేదు. ఎలాగూ పోయేదేనని అనొచ్చు, అంటే తను బయటపడతాడు, ఆమె ఆశ పోతుంది. నా వల్లే పోయిందని అనొచ్చు, అంటే మళ్ళీ వస్తుందన్న ఆశ మిగులుతుంది, కానీ అది నిజమో కాదో?

"తెలీదే," అన్నాడు. "నిజంగా తెలీదు."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె చెయ్యి విడిపించుకుని క్యారెట్‌ని పలక మధ్యకి జరిపింది.

"ఇది మీరు పట్టుకోండి."

"నేనా?"

"నా ఎడమచెయ్యి కత్తి వెన్నుమీద వేసి నొక్కాలి. రెండు చేతులూ కత్తిమీదే ఉంటే క్యారెట్ ఎవరు పట్టుకుంటారు? పట్టుకోండి."

బాబాయి క్యారెట్ చివర పట్టుకున్నాడు. ఇరవయ్యారేళ్ళు కత్తికి అవతలివైపున్న మనిషి ఇవతలివైపుకి వచ్చాడు. కత్తి ఆయన వేళ్ళకి రెండంగుళాల దూరంలో గాలిలో ఊగుతోంది.

"తగిలితే చెప్పండి," అంది ఆవిడ.

"దేనికి తగిలితే?"

"పలకకో, మీ వేలికో. నాకు రెండూ ఒకలాగే ఉంటాయి."

బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు మూసుకుంటే ఎలాగండీ? నాకు చూసిపెట్టేది మీరేగా."

తెరిచాడు. ఆవిడ ఎడమ అరచెయ్యి వెన్నుమీద ఆనించి, ఒంటి బరువంతా ముందుకి వాల్చింది. కత్తి కాస్త వంకరగా, ఆయన వైపు ఒరుగుతూ దిగింది. పలకమీద చిన్న చప్పుడైంది.

"తగిలింది," అన్నాడు. "పలకకే."

ఒకపక్క మందంగా, ఒకపక్క పలచగా ఒక ముక్క పడింది. ఆవిడ దానివైపు చూడలేదు. కత్తిని రెండు చేతులతో పైకెత్తి, ఆయన ఎక్కడ పట్టుకున్నాడో చూసుకుని, మళ్ళీ ఆనించింది. బాబాయి వేళ్ళు నువ్వుగింజంత వెనక్కి జరిపాడు. అంతకన్నా జరిపితే క్యారెట్ కదిలిపోతుంది.